మా అబ్బాయిని ప్రభుత్వ బడి మాన్పించి ఇంట్లో చదివిస్తున్నాము: మా కారణాలు

సరళరేఖ (ఉత్తర టెక్సస్)

సభ్యులందరికీ నమస్కారం. గత జనవరి నుండి మా అబ్బాయిని ఇంట్లోనే చదివిస్తున్నాము. వాడికి తొమ్మిదేళ్లు, మూడో తరగతి మధ్యలో మాన్పించాము. ఇక్కడి తెలుగు మిత్రులూ, గుంటూరులో ఉన్న మా అత్తమామలూ అడిగే ప్రశ్న ఒక్కటే: అంత మంచి స్కూలు వదిలి ఎందుకు ఇలా చేశారు? మేము ఈ ఇల్లు కొన్నదే ఆ స్కూలు కోసం కాబట్టి వాళ్లు అలా అడగడంలో తప్పు లేదు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటే, ఇదే ఆలోచనలో ఉన్న తల్లిదండ్రులకు కూడా పనికివస్తుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మా వాడికి నత్తి ఉంది. మూడున్నరేళ్లప్పుడు మొదలైంది. చిన్నపిల్లల్లో సుమారు 5 శాతం మందికి ఏదో ఒక దశలో నత్తి వస్తుందని, చాలామందికి దానంతట అదే పోతుందని, మగపిల్లల్లో అది పోకుండా ఉండిపోయే అవకాశం కాస్త ఎక్కువని స్పీచ్ థెరపిస్టు అప్పుడే చెప్పారు. మా వాడికి అలాగే ఉండిపోయింది. కిండర్‌గార్టెన్‌లో, ఒకటో తరగతిలో దానివల్ల పెద్ద ఇబ్బంది రాలేదు. చదివే వేగాన్ని కొలవడం గట్టిగా మొదలయ్యాక వచ్చింది. పిల్లవాడి ముందు ఒక పేజీ పెట్టి, గడియారం నొక్కి, ఒక్క నిమిషంలో ఎన్ని మాటలు తప్పు లేకుండా పైకి చదివాడో లెక్కపెట్టి, ఆ సంఖ్యను బట్టి ఏ గుంపులో కూర్చోవాలో, ఏ పుస్తకాలు చదవాలో నిర్ణయిస్తారు. ముప్పై మంది పిల్లల్లో వెనుకబడినవారిని త్వరగా గుర్తించడానికి అది ఉపయోగపడే పద్ధతేనని నేను ఒప్పుకుంటాను. కానీ నత్తి ఉన్న పిల్లవాడి విషయంలో అది చదువును కొలవదు, నాలుకను కొలుస్తుంది.

ఒకసారి ఇంట్లో సాధన చేయిస్తూ నేనే ఫోనులో గడియారం పెట్టాను. 'బికాజ్' అనే మాట దగ్గర వాడి పెదవులు మూసుకొని అలాగే ఉండిపోయాయి. బొటనవేలితో బల్ల అంచును నొక్కుతున్నాడు. కళ్లు మాత్రం అప్పటికే రెండు వరుసలు కిందికి వెళ్లిపోయాయి. అంటే వాడు చదివేశాడు, పలకలేకపోతున్నాడు. పదకొండు సెకన్లు గడిచాక ఆ మాటను వదిలేసి, దానికి బదులు 'సిన్స్' అని పెట్టి వాక్యం పూర్తి చేశాడు. అర్థం ఏమాత్రం చెడలేదు. ఎనిమిదేళ్ల పిల్లవాడు అంత వేగంగా సమానార్థకం వెతికి పెట్టగలగడం నాకు ఆశ్చర్యం కలిగించింది. స్కూలు లెక్కలో మాత్రం అలాంటివన్నీ తప్పులే అయ్యాయి. అగ్నిపర్వతాల మీద లావుపాటి పుస్తకాలు ఇంట్లో ఒంటరిగా చదివేసే వాడిని తరగతిలో అందరికంటే కింది గుంపులో కూర్చోబెట్టారు.

మేము ఊరుకోలేదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఇక్కడ ఏఆర్‌డీ అనే సమావేశం జరుపుతారు. అందులో టీచరు, స్పీచ్ థెరపిస్టు, ఉప ప్రిన్సిపాల్, మేమిద్దరం కూర్చొని, నిమిషం పరీక్ష నుండి మినహాయింపు, వారానికి రెండుసార్లు అరగంట థెరపీ అని కాగితం మీద రాసుకున్నాము. ఎవరూ మాతో దురుసుగా మాట్లాడలేదు. అయితే ఆ మినహాయింపు ఆచరణలో ఎలా మారిందంటే, మిగతా పిల్లలు చదువుతున్నంతసేపూ మా వాడు బయట వసారాలో బల్ల మీద కూర్చోవాలి. దయతోనే చేశారు. వాడు మాత్రం దాన్ని వెలివేతగానే తీసుకున్నాడు.

సెప్టెంబరులో ఇంకొక విషయం గమనించాను. ఉదయం నేను నింపి ఇచ్చిన నీళ్ల సీసా సాయంత్రం నిండుగానే తిరిగి వస్తోంది. బయట ఎండ 38 డిగ్రీలు. మొదట మరిచిపోతున్నాడనుకున్నాను. వారం రోజుల తరువాత, రాత్రి పడుకునే ముందు నెమ్మదిగా అడిగితే చెప్పాడు: నీళ్లు తాగితే బాత్‌రూముకు వెళ్లాలి, వెళ్లాలంటే చేయి ఎత్తి అందరి ముందు అడగాలి, అడగబోతే మాట రాదు. అందుకని ఉదయం ఏడున్నర నుండి మూడున్నర దాకా నీళ్లు మానేశాడు. ఆ రాత్రే మేమిద్దరం నిర్ణయానికి వచ్చాము. సరంజామా సమకూర్చుకోవడానికి మరో మూడు నెలలు పట్టింది.

టెక్సస్‌లో చట్టపరంగా ఇది కష్టం కాదు. అర్లింగ్టన్ స్కూలు జిల్లాకు సంబంధించిన లీపర్ కేసులో 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇంటి చదువును ప్రైవేటు స్కూలుగానే పరిగణించాలని తేల్చింది. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, గణితం, మంచి పౌరసత్వం అనే ఐదింటినీ పుస్తకం రూపంలో గానీ తెర మీద గానీ కంటికి కనిపించే పాఠ్యక్రమంతో, చిత్తశుద్ధిగా బోధిస్తే చాలు. రిజిస్ట్రేషను లేదు, వార్షిక పరీక్ష లేదు. ఇంత స్వేచ్ఛ ఉండడం మంచిదేనా అనే సందేహం నాకూ ఉంది, దాని గురించి చర్చించడానికి సిద్ధమే.

ఇప్పుడు మా రోజు ఎనిమిదిన్నరకు మొదలవుతుంది. ముందు ఎక్కాలు. వాడూ నేనూ కలిసి గొంతెత్తి చదువుతాము. ఇద్దరు కలిసి ఒకే లయలో చదివేటప్పుడు నత్తి దాదాపు పోతుందని థెరపిస్టు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. పదమూడో ఎక్కం ఒక్క తడబాటు లేకుండా పూర్తి చేసిన రోజున నమ్మాను. పన్నెండింటికల్లా రాత పని, లెక్కలు, సైన్సు అయిపోతాయి. చదివినదాన్ని పైకి అప్పజెప్పమని అడగను; రాసి చూపిస్తాడు, లేదా బొమ్మ వేసి చూపిస్తాడు. తనంతట తాను చెప్పాలనిపించినప్పుడు చెబుతాడు, ఎంతసేపు పట్టినా నేను వింటాను. మధ్యాహ్నం వేళ గుంటూరులో రాత్రి అవుతుంది కాబట్టి, పడుకునే ముందు వాళ్ల నానమ్మ వీడియోలో తెలుగు చదివిస్తారు.

బడి చెడ్డదని నేను అనడం లేదు. ఆ బడి రోజు నడిచే తీరు మా పిల్లవాడికి సరిపడలేదు. మీ అభిప్రాయాలు, వ్యతిరేకమైనవి కూడా, రాయవలసిందిగా కోరుతున్నాను.

నల్లబల్ల (న్యూజెర్సీ)

సరళరేఖ గారూ, నేను 14 సంవత్సరాలుగా ఇక్కడి ప్రభుత్వ బడిలో నాలుగో తరగతి టీచరుగా పనిచేస్తున్నాను. నీళ్ల సీసా గురించి మీరు రాసినది చదివి మరుసటి రోజు మా తరగతిలో ఒక మార్పు చేశాను: బాత్‌రూముకు వెళ్లాలంటే అడగనక్కరలేదు, తలుపు దగ్గరున్న కార్డు తీసుకొని వెళ్లవచ్చు. ఇంతకాలం ఆ ఆలోచన నాకు రానందుకు బాధగా ఉంది.

అయినా మీ నిర్ణయంతో నేను పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను. వైకల్యం ఉన్న పిల్లలకు తగిన విద్యను ఉచితంగా అందించవలసిన బాధ్యతను 1975 నాటి ఫెడరల్ చట్టం ప్రభుత్వ బడుల మీద పెట్టింది. మినహాయింపును తప్పుగా అమలు చేస్తే సమావేశాన్ని మళ్లీ పిలిపించే హక్కు మీకు ఉంది. వసారాలో కూర్చోబెట్టడం పరిష్కారం కాదని రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పి ఉంటే వాళ్లు మార్చవలసి వచ్చేది. మీలాగా చట్టం తెలిసిన తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకొని వెళ్లిపోతే, అదే తరగతిలో అదే నత్తితో కూర్చున్న మరొక పిల్లవాడి తరఫున, వాళ్ల అమ్మ రెండు ఉద్యోగాలు చేస్తూ సమావేశానికి కూడా రాలేని పరిస్థితిలో ఉంటే, ఎవరు మాట్లాడతారు?

రెండో విషయం మరింత సున్నితమైనది. నత్తికి చికిత్స అంటే నత్తి లేకుండా మాట్లాడడం ఒక్కటే కాదని, నత్తితోనైనా భయపడకుండా మాట్లాడడమని నాతో పనిచేసే థెరపిస్టులు చెబుతుంటారు. ఇంట్లో మాట్లాడవలసిన అవసరమే తప్పిపోతే భయం తగ్గుతుందా, లేక దాక్కుంటుందా? మీరు దీని గురించి ఆలోచించే ఉంటారు. మీ జవాబు తెలుసుకోవాలని ఉంది.

మూడోది మీ కుటుంబం గురించి కాదు, చట్టం గురించి. మా రాష్ట్రంలో ఇంటి చదువు మొదలుపెడుతున్నట్టు జిల్లాకు తెలియజేయవలసిన పని కూడా లేదు. తల్లిదండ్రులు కాక మరొక పెద్దమనిషి ప్రతిరోజూ పిల్లవాడి ముఖం చూసే చోటు బడి. ఒంటి మీద దెబ్బ కనిపిస్తే చట్టప్రకారం మేము తెలియజేసి తీరాలి. ఆ కన్ను లేని ఇళ్లలో ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. టెక్సస్ స్వేచ్ఛ గురించి మీకున్న సందేహమే నాకు ఇంకా గట్టిగా ఉంది.

సరళరేఖ (ఉత్తర టెక్సస్)

నల్లబల్ల గారూ, ఆ కార్డు గురించి చదివి మా వారికి కూడా చూపించాను. ధన్యవాదాలు.

సమావేశాన్ని రెండోసారి పిలిపించాము. వసారా బల్లను తీసేసి తరగతిలోనే ఒక మూల ఏర్పాటు చేశారు. నవంబరులో వాళ్ల టీచరు ప్రసూతి సెలవు మీద వెళ్లారు, ఆమె స్థానంలో వచ్చిన వారికి ఆ కాగితం చేరలేదు, మూడో రోజునే మా వాడిని అందరి ముందు పైకి చదవమన్నారు. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు. కానీ కాగితం చేరేలోపు జరిగేది పిల్లవాడికి జరిగిపోతుంది. ఇంకో పిల్లవాడి తరఫున ఎవరు మాట్లాడతారని మీరు అడిగినదానికి నా దగ్గర మంచి జవాబు లేదు. నా కొడుకును ఆ పోరాటానికి నిలబెట్టే హక్కు నాకు లేదనిపించింది, అంతే.

భయం దాక్కుంటుందా అన్నది మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా వేధించిన ప్రశ్న. అందుకే మాట్లాడవలసిన అవసరాన్ని మేము తీసేయలేదు, దాని కొలతను మార్చాము. ప్రతి మంగళవారం గ్రంథాలయంలో తనకు కావలసిన పుస్తకాన్ని లైబ్రేరియన్‌ను తానే అడగాలి. నేను రెండు అడుగుల దూరంలో నిలబడతాను, మాట అందించను. మొదటి వారం చీటీ మీద రాసి చూపించాడు. ఆరో వారానికి నోటితో అడిగాడు. ఆమె చివరిదాకా ఆగి విన్నారు. శనివారాల్లో సాకర్ జట్టు ఉంది, అక్కడ అరవక తప్పదు. థెరపిస్టు కూడా ఇదే పద్ధతిని సమర్థించారు. అయితే బడి ద్వారా ఉచితంగా దొరికిన థెరపీ ఇప్పుడు మా చేతి డబ్బుతో చేయించుకుంటున్నాము. ఇంటి చదువు పిల్లలను ప్రైవేటు స్కూలు పిల్లలతో సమానంగా చూస్తారు కాబట్టి కొంత సేవకు అడగవచ్చు గానీ, ప్రభుత్వ బడిలో ఉన్నప్పటి హక్కు మాత్రం ఉండదు. ఈ మార్గంలోకి వచ్చేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

కృష్ణాతీరం (పెన్సిల్వేనియా)

స్వేచ్ఛ ఎక్కువైందా అనే చర్చ వచ్చింది కాబట్టి మా రాష్ట్రం గురించి రాస్తాను. ఇక్కడ 1988 నాటి చట్టం ప్రకారం ఏటా ఆగస్టు 1లోగా స్కూలు జిల్లాకు ప్రమాణపత్రం ఇవ్వాలి. దానితోపాటు ఏయే విషయాలు బోధిస్తామో, టీకాలు వేయించామో లేదో కూడా తెలియజేయాలి. 180 రోజులు, లేదా ప్రాథమిక స్థాయిలో 900 గంటలు, పై స్థాయిలో 990 గంటలు చదివించాలి. 3, 5, 8 తరగతుల్లో ప్రామాణిక పరీక్ష రాయించాలి. ఏడాది పొడవునా పిల్లలు చేసిన పనిని ఫైలులో భద్రపరచి, అర్హత ఉన్న మూల్యాంకనకర్తకు చూపించాలి. ఆయన పిల్లతో స్వయంగా మాట్లాడి పత్రం రాసిస్తారు.

మొదటి ఏడాది ఇదంతా విసుగనిపించింది. ఇప్పుడు నాలుగో ఏడు. ఆ ఫైలే మాకు అద్దంలా పనికివస్తోంది. రెండో ఏడాది మార్చిలో తిరగేస్తే మా అమ్మాయి రాసిన వ్యాసాలు నాలుగంటే నాలుగే ఉన్నాయి. లెక్కలు నాకు ఇష్టం కాబట్టి లెక్కలే చేయిస్తూ పోయానని అప్పుడు తెలిసింది. అడిగేవారు లేకపోతే అది నాకు కనిపించేది కాదు.

మా కారణం వేరు. మచిలీపట్నంలో మా అమ్మగారు మంచాన పడినప్పుడు నాలుగు నెలలు అక్కడ ఉండవలసి వచ్చింది. అన్ని రోజులు గైర్హాజరైతే బడి ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడం వాళ్ల ధర్మమే. అక్కడ ఉన్న నాలుగు నెలలు చదివిద్దామని మొదలుపెట్టినది ఆగలేదు. మా అమ్మాయి నానమ్మ పక్కన కూర్చొని మందుల పట్టిక రాసేది, బంధువులకు ఉత్తరాలు రాసేది. తెలుగు రాత అక్కడే కుదిరింది.

వెన్నెలగుమ్మం (కాలిఫోర్నియా)

ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడుగుతాను. కృష్ణాతీరం గారి ఇల్లు మినహాయింపు కావచ్చు గానీ, నాకు తెలిసిన తెలుగు కుటుంబాల్లో ఇంటి చదువు అంటే తల్లి ఉద్యోగం మానడమే. హెచ్-4 మీద, అంటే భర్త ఉద్యోగ వీసాకు అనుబంధంగా వచ్చే వీసా మీద, ఉన్న భార్యల్లో కొందరికైనా పనిచేసే అనుమతి 2015లో వచ్చింది. అంతకుముందు ఏళ్ల తరబడి చదువులు, డిగ్రీలు పెట్టెలో పెట్టుకొని కూర్చున్నవాళ్లలో నేనొకతెను. 'నువ్వు ఇంట్లోనే ఉన్నావు కదా, నువ్వే చదివించు' అన్న మాట ఎంత తేలికగా వస్తుందో నాకు తెలుసు. పిల్లవాడి అవసరం నిజమైనదే. ఆ అవసరానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో కూడా కారణాలతో పాటు రాయాలని నా అభ్యర్థన.

సరళరేఖ (ఉత్తర టెక్సస్)

మీరు అడగడం మంచిదయింది. నేను గుంటూరులో మూడేళ్లు జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం బోధించాను. ఇక్కడ అనుమతి వచ్చాక ఒక చిన్న సంస్థలో నాణ్యత పరీక్షల ఉద్యోగం చేశాను. అది డిసెంబరులో మానేశాను. నెలకు వచ్చే జీతం పోయింది, థెరపీ ఖర్చు పెరిగింది. మావారు వారానికి రెండు రోజులు ఇంటి నుండి పనిచేసేలా మార్చుకొని, ఆ రెండు మధ్యాహ్నాలు తాను చదివిస్తున్నారు. ఆ సమయంలో నేను ఆన్‌లైన్‌లో ఇద్దరు విద్యార్థులకు ఫిజిక్సు చెబుతున్నాను. ఉద్యోగం మానడం నాకు బాధ కలిగించింది. దాన్ని త్యాగం అని పిలవడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఆ మాట వినగానే అందరూ మెచ్చుకొని అక్కడితో ఆగిపోతారు.

పాతబడి (రాజమహేంద్రవరం)

అమ్మా సరళరేఖా, నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా మనవడు ఈ చర్చను చూపించాడు. అమెరికా చట్టాలు నాకు తెలియవు. ఒక్క అనుభవం మాత్రం చెప్పాలనిపించి రాస్తున్నాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏడో తరగతిలో నత్తి ఉన్న కుర్రవాడు ఒకడు ఉండేవాడు. ధైర్యం వస్తుందన్న నమ్మకంతో ప్రతిరోజూ అతణ్ణే మొదట లేపి తెలుగు వాచకం చదివించేవాణ్ణి. మిగతా పిల్లలు నవ్వితే వాళ్లను కోప్పడేవాణ్ణి గానీ, నేను చేస్తున్న పని గురించి ఆలోచించలేదు. దసరా సెలవుల తరువాత ఆ కుర్రవాడు మళ్లీ బడికి రాలేదు. ఇంటికి వెళ్లి అడిగితే వాళ్ల నాన్నతో పొలం పనికి వెళుతున్నాడన్నారు. నేను పిలిస్తే బయటికి వచ్చి తలవంచుకొని నిలబడ్డాడే గానీ ఒక్క మాట మాట్లాడలేదు. నలభై ఏళ్లు దాటినా ఆ తలవంపు నాకు గుర్తుంది. నువ్వు నీళ్ల సీసాను గమనించావు. నాకు ఆ పాటి చూపు అప్పుడు లేకపోయింది.

వెనకటి వీధి బడుల్లో పిల్లలంతా కలిసి గొంతెత్తి వల్లె వేసేవారు. అర్థం తెలియకుండా బట్టీ పట్టించే పద్ధతి అని మేమే దాన్ని తరువాత తీసేశాము. కలిసి చదివేటప్పుడు నత్తి పోతుందని నువ్వు రాసిన తరువాత, ఆ వల్లె వేతలో ఎంతమంది తడబడే పిల్లలకు నీడ దొరికి ఉంటుందో కదా అనిపించింది.

నాది ఒకటే ప్రశ్న, అమ్మా. ఎప్పటిదాకా? తల్లి దగ్గర చదువు తొమ్మిదేళ్ల వాడికి చాలు. పద్నాలుగేళ్ల వాడికి తోటివాళ్లు కావాలి, తల్లికి తెలియని సంగతులు కొన్ని కావాలి. దాని సంగతి ఇప్పుడే ఆలోచించి పెట్టుకో.

ఇంటిబడి విద్యార్థి (ఆస్టిన్)

పెద్దవారు అడిగిన ప్రశ్నకు ఆ వయసు దాటి వచ్చినవాడిగా నేను జవాబు చెప్పవచ్చు. పదేళ్ల నుండి పద్దెనిమిదేళ్ల వరకు ఇంట్లోనే చదువుకొని, ఇప్పుడు విశ్వవిద్యాలయంలో మూడో సంవత్సరం చదువుతున్నాను. నా తెలుగులో తప్పులుంటే అక్క సరిదిద్ది పెట్టింది.

నాకు ఇంటి చదువు మేలు చేసింది. ఒక విషయం పట్టుకుంటే దాన్ని వదలకుండా వారాల తరబడి చదవడం నాకు అక్కడే అలవాటైంది. పదహారేళ్లకు కమ్యూనిటీ కాలేజీలో కాలేజీ స్థాయి తరగతులు తీసుకున్నాను. విశ్వవిద్యాలయంలో చేరేటప్పుడు ఆ మార్కులే నాకు అసలైన సాక్ష్యంగా నిలిచాయి, ఎందుకంటే అమ్మ తయారుచేసిన మార్కుల పత్రంలో తరగతి ర్యాంకు ఉండదు. కాలేజీ ప్రవేశాలకు చూసే ఎస్‌ఏటీ పరీక్షకు కూర్చోవడం సులభమే. హైస్కూలులోనే రాసే కాలేజీ స్థాయి ఏపీ పరీక్షలకు మాత్రం, బయటి పిల్లలను కూర్చోనిచ్చే స్కూలును మనమే వెతుక్కోవాలి. నేను రాసిన కెమిస్ట్రీ పరీక్ష కోసం నాన్న పదకొండు స్కూళ్లకు ఫోను చేశారు, దొరికినది గంటన్నర దూరంలో. ఆటల విషయంలో 2021 చట్టంతో జిల్లా ఒప్పుకుంటే ప్రభుత్వ బడి పోటీల్లో పాల్గొనే వీలు కలిగింది, అప్పటికి నాకు ఆ ఆసక్తి పోయింది.

లోటు కూడా చెప్పాలి. నాకు స్నేహితులు ఉండేవారు, కానీ వాళ్లందరూ అమ్మానాన్నలు ఎంచిన ఇళ్ల పిల్లలు. నాకు నచ్చని వాళ్లతో కలిసి ఒక పని పూర్తి చేయడం ఎలాగో పద్దెనిమిదేళ్ల దాకా తెలియదు. మొదటి సెమిస్టరులో గ్రూపు ప్రాజెక్టులో ఒకడు తన వంతు పని చేయకపోతే, అడగడం చేతకాక మొత్తం నేనే రాత్రంతా కూర్చొని చేశాను. పదమూడేళ్లప్పుడు నన్ను బడికి వెళతావా అని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే బహుశా వద్దనే అనేవాణ్ణి. అయినా అడిగి ఉండవలసింది.

గచ్చిబౌలి గూడు (హైదరాబాద్)

భారతదేశానికి తిరిగి వచ్చే ఆలోచన ఉన్నవారి కోసం రాస్తున్నాను. మేము వర్జీనియా నుండి వచ్చేటప్పటికి మా పిల్లలు రెండేళ్లుగా ఇంట్లో చదువుతున్నారు. ఇక్కడ విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుండి అమల్లో ఉంది. 6 నుండి 14 ఏళ్ల పిల్లలకు అది వర్తిస్తుంది. ఇంటి చదువు మాట అందులో లేదు. ఢిల్లీ హైకోర్టులో ఒక కేసు నడిచినప్పుడు, స్వచ్ఛందంగా ఇంట్లో చదివించుకునే తల్లిదండ్రులకు ఈ చట్టం అడ్డురాదని కేంద్రం 2012లో చెప్పింది. నిషేధం లేదు, ప్రత్యేకమైన రక్షణ కూడా లేదు.

పదో తరగతికి జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ, అంటే ఎన్ఐఓఎస్, ఉంది. 14 ఏళ్లు నిండితే చేరవచ్చు, ఐదు సబ్జెక్టులు రాయాలి, ఒకేసారి కాకపోతే విడతలుగా రాయవచ్చు. ఆ సర్టిఫికెట్టుతో ఇంటర్‌లోనూ చేరవచ్చు.

అసలు చిక్కు మధ్యలో బడిలో చేర్చేటప్పుడు వస్తుంది. మేము వెళ్లిన ఒక ప్రైవేటు స్కూలు వారు టీసీ అడిగారు. ఇంటి చదువుకు టీసీ ఎక్కడి నుండి తెస్తాము? మూడు నెలలు తిరిగాక, పిల్లల పని ఉన్న నోటు పుస్తకాలూ అక్కడ రాసిన పరీక్షల ఫలితాలూ చూపిస్తే మరొక స్కూలు వారు వయసుకు తగిన తరగతిలో చేర్చుకున్నారు. కాబట్టి కృష్ణాతీరం గారి ఫైలు లాంటిది మీ రాష్ట్రంలో అడగకపోయినా పెట్టుకోండి. తెలుగు విషయంలో సరళరేఖ గారి అత్తగారు చేస్తున్నది చాలా విలువైన పని: 2018 చట్టం ప్రకారం తెలంగాణలో పదో తరగతి వరకు అన్ని బడుల్లోనూ తెలుగు చెప్పాలి, మా పెద్దవాడు గుణింతాల దగ్గర నుండి మొదలుపెట్టవలసి వచ్చింది.

కొత్త చిగురు (హ్యూస్టన్ శివారు)

ఈ చర్చ మొత్తం రెండు రాత్రులు కూర్చొని చదివాను. మా పాపకు ఏడేళ్లు, తన ఇబ్బంది వేరు, ఇక్కడ రాయలేను. వచ్చే నెలలో మాన్పించాలనుకుంటున్నాము. బడికి ఏమని చెప్పాలి? రేపటి నుండి పంపకపోతే సరిపోతుందా? పోలీసులు, కోర్టు అని మా పక్కింటివారు భయపెడుతున్నారు.

సరళరేఖ (ఉత్తర టెక్సస్)

ముందు పాతబడి గారికి. మాస్టారూ, మీరు రాసినది మా వాడికి చదివి వినిపించాను. చాలాసేపు ఊరుకొని, 'ఆ అబ్బాయి ఇప్పుడు ఎక్కడ ఉన్నాడు?' అని అడిగాడు. మీకు తెలిస్తే రాయండి. ఎప్పటిదాకా అన్నదానికి మా జవాబు ఇది: ఐదో తరగతి పూర్తయ్యాక మిడిల్ స్కూలుకు వెళతావా అని వాడినే అడుగుతాము, ఆ తరువాత ప్రతి మే నెలలోనూ అడుగుతాము. ఇంటిబడి విద్యార్థి రాసిన చివరి మాటలు చదివాకే ఈ 'ప్రతి మే నెల' అన్నది చేర్చుకున్నాము.

కొత్త చిగురు గారూ, చెప్పకుండా పంపడం మానేయకండి. ఆరేళ్లు దాటిన పిల్లలకు ఇక్కడ హాజరు తప్పనిసరి. ఉత్తరం లేకుండా మానేస్తే గైర్హాజరుగానే లెక్కవేసి నోటీసులు పంపుతారు, మీ పక్కింటివారు విన్నది అలాంటి సంగతే అయి ఉంటుంది. ప్రిన్సిపాల్‌కు ఈమెయిలు రాయండి. నేను రాసినది నాలుగే వాక్యాలు: మా వాడి పేరు, తరగతి, ఫలానా తేదీ నుండి బడి మాన్పిస్తున్నామని, ఆ తేదీ నుండి ఇంట్లో చదివిస్తున్నామని, చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, గణితం, మంచి పౌరసత్వం రాతపూర్వకమైన పాఠ్యక్రమంతో బోధిస్తామని. కారణం రాయనక్కరలేదు. ఆఫీసుకు వచ్చి ఏదో ఫారం నింపాలని అడిగితే, ఈమెయిలే మా రాతపూర్వకమైన సమాచారమని మర్యాదగా జవాబివ్వండి. అందినట్టు వాళ్లు తిరిగి రాసిన ఈమెయిలును అచ్చు తీసి దాచుకోండి. గ్రంథాలయం పుస్తకాలు, స్కూలు ఇచ్చిన ల్యాప్‌టాపు తిరిగి ఇచ్చేటప్పుడు రసీదు అడగండి. మా వాడి ల్యాప్‌టాపు ఛార్జరు మంచం కింద ఉండిపోయి, దానికోసం రెండు వారాల తరువాత మళ్లీ వెళ్లవలసి వచ్చింది. అప్పుడు వాళ్ల పాత టీచరు సెలవు నుండి తిరిగి వచ్చి ఉన్నారు. మా వాడిని చూడగానే మోకాళ్ల మీద కూర్చొని, ఏం చదువుతున్నావని అడిగారు. 'మౌంట్ ఎట్నా' అని ఆ అగ్నిపర్వతం పేరు చెప్పడానికి వాడికి చాలాసేపు పట్టింది. ఆమె చివరిదాకా విన్నారు.